నోరు తెరిస్తే మాట పడాలి

చీకట్లో చేతిలోంచి జారిపోయిన పదకొండో పేజీ కోసం టార్చి వేశాను. శబ్దాలు పుట్టించే ఎఫెక్ట్స్ బల్ల కింద, ఒక వెదురుబుట్ట అల్లిక సందుల్లోంచి, రెండు ఎర్రటి నిప్పుకణికలు వెలిగాయి.

మొదట అగ్గి అనుకున్నాను. డబ్బింగ్ థియేటర్ గోడలనిండా కొబ్బరిపీచు, దానిమీద గుడ్డ. ఒక్క సిగరెట్ ముక్క చాలు. ఉన్నది ఒకటే తలుపు. పిల్లలు పుట్టినప్పటి నుంచి ఏ గదిలోకి వెళ్లినా ముందు తలుపులు లెక్కపెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. కేక వేయడానికి ఊపిరి పీల్చాను. అప్పుడా నిప్పు రెప్ప వేసింది.

నిప్పు కాదని తెలిశాక గుండె కుదుటపడాలి. పడలేదు. ఆ కళ్లు ఏ జంతువువో నాకు తెలుసు. అది అక్కడికి ఎందుకొచ్చిందో కూడా ఆ క్షణంలోనే తెలిసిపోయింది. పిలిపించింది నేనే.

మా కాలేజీ పత్రిక వాళ్లు ఈ మధ్య ఉత్తరం రాశారు. జువాలజీ చదివిన పాత విద్యార్థినులు ఆ చదువుతో ఏ ఉద్యోగం చేశారో ఇప్పటి పిల్లలకు చెప్పాలట. మిగతావాళ్లు లెక్చరర్లు, బ్యాంకు ఆఫీసర్లు. నేను ఫిల్మ్‌నగర్‌లో నాలుగేళ్లు జంతువులకు తెలుగు రాశాను, తర్వాత మానేశాను. ముప్పై నాలుగేళ్లకే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని మావారు నవ్వారు. నవ్వనివ్వండి. పిల్లలు పడుకున్నారు, గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు చూసి వచ్చాను, ఇక రాస్తాను.

ఇంటింటికీ కేబుల్ తీగలు లాగుతున్న రోజులవి. విదేశీ ప్రకృతి చిత్రాలను తెలుగు పిల్లలకు చూపించాలని ఒక సంస్థ తలపెట్టింది. జంతువుల సంగతీ తెలుగూ రెండూ తెలిసిన మనిషి కావాలన్నారు. అప్పటికి మా పాపకు ఆరేళ్లు, బాబుకు మూడు. మావారు సినిమాల్లో కెమెరా అసిస్టెంటు, నెలలో సగం రోజులు ఔట్‌డోర్. కృష్ణానగర్‌లో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు పిల్లలను చూస్తానన్న ధైర్యంతో ఒప్పుకున్నాను. ఆమె పుట్టిల్లు షేక్‌పేట. ఆమె దగ్గర పెరిగి మా బాబు నన్ను కూడా "ఏందే" అనేవాడు.

నా పని చాలా తేలికని నేను అనుకున్నాను. తెరమీద మనుషులు మాట్లాడరు, వెనకనుంచి ఒక కంఠం చెబుతుంది. ఇంగ్లీషులో అది ఎంతసేపు చెబుతుందో అంతసేపట్లో సరిపోయే తెలుగు రాయాలి, అంతే. కానీ ఆ థియేటర్ పుట్టింది సినిమాల డబ్బింగ్ కోసం. దాని ధర్మం వేరు. అక్కడి సౌండ్ ఇంజనీరు గోదావరి జిల్లా మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. ఆ ధర్మాన్ని మొదటిరోజే నాకు చెప్పాడు: "నోరు తెరిస్తే మాట పడాలండీ." తెరమీద పెదవి కదిలి శబ్దం రాకపోతే థియేటర్ పరువు పోయినట్టే. హీరో కిళ్లీ నమిలినా ఒక "ఊఁ" పడాలి. ఈ చట్టం ఆయన జంతువులకూ వర్తింపజేశాడు. మా చిత్రాల్లో ఆవులించిన సింహం కూడా గర్జించింది. నేను అడ్డుచెబితే, "జువాలజీ గారూ, అది ఆవులింతని మీకు తెలుసు, నాకు తెలుసు, చూసేవాడికి మైకు పోయిందని తెలుస్తుంది" అనేవాడు. జువాలజీ గారు నేనే. నాకు అక్కడ వేరే పేరు లేదు.

ఆ శబ్దాలు పుట్టించేవాడు ఎఫెక్ట్స్ ఆయన. యాభై దాటినవాడు, పాలమూరు వైపు మనిషి. నేను అన్నా అని పిలిచేదాన్ని. కొబ్బరిచిప్పలతో గుర్రాలు, రబ్బరు గ్లౌజులతో గద్ద రెక్కలు, పాత క్యాసెట్ టేపు ఉండచుట్టి తొక్కితే ఎండుటాకుల మీద జింక. ఆయన బల్ల కింద ఎప్పుడూ ఏవో బుట్టలు, డబ్బాలు ఉంటాయి కాబట్టి ఆరోజు పొద్దున్నే వచ్చిన కొత్త బుట్టను ఎవరమూ పట్టించుకోలేదు.

అప్పుడు చేస్తున్నది టార్సియర్ మీద చిత్రం. ఆగ్నేయాసియా దీవుల్లో ఉండే జంతువు. పిడికిలిలో పడుతుంది. ఒక్కో కన్ను దాని మెదడంత ఉంటుంది. అంత కన్ను గూటిలో తిరగదు కాబట్టి తలనే వీపు మీదికి తిప్పి వెనక్కి చూస్తుంది. మనకూ కోతులకూ దూరపు చుట్టమే అయినా ఆకు, పండు ముట్టదు. మిడతలు, పురుగులు, చిన్నబల్లులు, అదీ రాత్రిపూట. మడమ దగ్గరి ఎముకలు సాగి ఉండడం వల్ల చెట్టునుంచి చెట్టుకు తన ఒంటికి ఎన్నో రెట్ల దూరం దూకుతుంది. అడవి నరికితే దానికి దూకడానికి చోటుండదు. పెంచుకుందామని పట్టుకుంటే బెదురుతోనే చచ్చిపోతుంది. ఇంజనీరు దానికి "దెయ్యం కోతి" అని పేరు పెడదామన్నాడు, పిల్లలు ఎగబడి చూస్తారట. ఏ పేరు పెట్టినా దెయ్యం మాత్రం వద్దన్నాను. చివరికి టార్సియర్ అనే ఉంచాం.

అందులో ఒక ఘట్టం ఉంది. తల్లి తన పిల్లను నోట కరుచుకుని తెచ్చి, ఒక కొమ్మ మీద ఉంచి, వేటకు వెళ్లిపోతుంది. పిల్ల ఆ కొమ్మను పట్టుకుని అక్కడే ఉంటుంది. నేను రాసుకున్నదంతా రాత్రి మా పిల్లలకు కథలా చెప్పడం అలవాటు. పాప చాలాసేపు ఆలోచించి, పిల్ల ఎంతసేపు కొమ్మను పట్టుకోవాలని అడిగింది. అమ్మ వచ్చేదాకా అన్నాను. "వాళ్లమ్మకు ఆలస్యమైతే?" అంది. పడుకో అన్నాను. మర్నాడు పొద్దున్నే ఇంటామె గుమ్మంలో ఇద్దరినీ దించి బస్సు కోసం పరుగెత్తుతూ ఆ ప్రశ్నే మోసుకెళ్లాను.

చిక్కు వచ్చింది ఆ ఘట్టం చివర్లోనే. తల్లి వేటనుంచి తిరిగొచ్చి పక్క చెట్టు మీద ఆగుతుంది. పిల్ల వైపు చూసి నోరు బాగా తెరుస్తుంది. టేపులో అడవి ఉంది, కీచురాళ్లున్నాయి, వాన చినుకులున్నాయి. ఆ నోటి దగ్గర మాత్రం ఏమీ లేదు. నాలుగుసార్లు తెరిచింది, నాలుగుసార్లూ ఖాళీ. విదేశం వాళ్లు వేయడం మరిచిపోయారని ఇంజనీరు తీర్పు చెప్పాడు. ఎఫెక్ట్స్ అన్న పెదాలతో ప్రయత్నించాడు, బెలూన్ రుద్దాడు, తడి సీసా మీద బిరడా తిప్పాడు. ఏదీ నప్పలేదు. ఇది ఎలా అరుస్తుందమ్మా అని నన్ను అడిగాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. చదువుకున్నదాన్ని కదా, స్క్రిప్టులో శబ్దాల కోసం వదిలే అంచులో పెన్సిలుతో రాశాను: "ఇది మన దేవాంగ పిల్లికి దగ్గరి జంతువు. దాని కూత దొరికితే సరిపోతుంది."

అనుకున్నది ఏదో పాత టేపు దొరుకుతుందని. జంతువునే తెస్తాడని కలలో కూడా అనుకోలేదు. అనుకోవలసింది. ఆ మనిషి అంతకుముందు చిత్రంలో ఒక్క కప్ప అరుపు కోసం దుర్గం చెరువు గట్టున రెండు సాయంత్రాలు కూర్చున్నవాడు.

అలా ఆ మధ్యాహ్నం బల్ల కింద ఆ కళ్లు వెలిగాయి. టార్సియర్ కళ్లు వెలుగు పడితే మెరవవు. దేవాంగ పిల్లి పేరుకే పిల్లి, మన అడవుల్లో ఉండే లోరిస్, దాని కళ్లు మండుతాయి. మైకు ముందు కంఠం వినిపించే పెద్దాయన ఇదేమీ తెలియక పదో పేజీ ముగించి పదకొండో పేజీ కోసం చెయ్యి చాచాడు. ఆ పేజీలో మొదటి వాక్యం, "పట్టి బంధిస్తే ఈ జీవి ఎన్నాళ్లో బతకదు."

దీపాలు వేయించాను. పెద్దాయనను ఆ పూటకు ఇంటికి పంపేశాం. బుట్ట బయటికి తీశాం. అడుగున పంచదార కలిపిన పాలగిన్నె, అరటిపండు ముక్కలు, ముట్టనివి. బక్కచిక్కిన చేతులతో అల్లికను పట్టుకుని అది కూర్చుని ఉంది. తల రెండు చేతుల మధ్యకు దూర్చుకుంటోంది. పగలంతా ముడుచుకుని నిద్రపోయే జంతువు నిలువునా వణుకుతోంది. ఏసీకి మాకే స్వెట్టర్లు కావాలి.

ఎఫెక్ట్స్ అన్న గర్వంగానే చెప్పాడు. వాళ్లది అచ్చంపేట అవతల, అడవి అంచున ఊరు. బామ్మర్దికి కబురు పంపాడు. నిన్న పొద్దుగుంకినప్పుడు దొరికింది. రాత్రి గంప కింద ఉంచి పొద్దున మొదటి బస్సులో కండక్టర్ చేతికిచ్చి పంపాడు. "మీరే రాసిన్రు గదమ్మా" అని నా పెన్సిలు రాత చూపించాడు. "గుర్రమైతె చిప్పలతోని చేస్త. ఎన్నడు ఇననిదాన్ని ఏంతోని చెయ్యాలె? ఒక్కసారి అర్సిందంటె చాలు, పట్టుకుంట."

ఇంజనీరు మైకు జరిపాడు. జరగకూడనిది జరిగిపోయింది, కనీసం ఒక్క టేక్ తీసుకుని వెంటనే పంపేద్దాం, రెండు నిమిషాల పని అన్నాడు. వీపు మీద చెయ్యి వేస్తే అరుస్తుందని ఎఫెక్ట్స్ అన్న బుట్ట మూత ఎత్తాడు. అది భయంతో వెనక్కి వాలింది. పొట్ట భాగం కనిపించింది.

మూత వేయమన్నాను. దాని రొమ్ముల దగ్గర వెంట్రుకలు అరిగిపోయి ఉన్నాయి. చుట్టూ ఉన్నవి తడిసి అతుక్కుపోయి, పాలు కారి ఎండి, మళ్లీ కారి ఉన్నాయి. ఇది తెలియడానికి జువాలజీ అక్కర్లేదు. బాబుకు పాలు మాన్పించి అప్పటికి రెండేళ్లు కాలేదు.

"దీనికి పిల్ల ఉంది" అన్నాను.

బుట్టలో లేదు కదా అన్నాడు ఇంజనీరు. బుట్టలో ఎందుకుంటుంది, పొద్దున మనం రికార్డు చేసిందేమిటి అన్నాను. టార్సియర్ చేసేదే ఇదీ చేస్తుంది. పొద్దుగుంకగానే పిల్లను కొమ్మ మీద ఉంచి వేటకు బయల్దేరుతుంది. సరిగ్గా బయల్దేరిన వేళ దీన్ని పట్టుకున్నారు. పిల్ల నిన్న సాయంత్రం నుంచి ఆ కొమ్మను పట్టుకుని ఉంది. ఈ రాత్రికి తల్లి చేరకపోతే రేపటికి ఉండదు.

ఎఫెక్ట్స్ అన్న బుట్ట పక్కన గొంతుకూర్చున్నాడు. "నాకు ఎరుక లేదమ్మా" అన్నాడు. కొంతసేపటికి మళ్లీ అదే మాట, బుట్టకు చెబుతున్నట్టు. ఇంజనీరు లేచి వెళ్లి ఏసీ ఆపేశాడు. ఆ థియేటర్‌లో మనుషుల కోసం ఏసీ ఆపగా నేను నాలుగేళ్లలో చూడలేదు.

జూకి ఇచ్చేద్దామా అని ఒక మాట వచ్చింది. ఇస్తే తల్లి బతకవచ్చు, పిల్ల బతకదు. అటవీశాఖకు ఫోన్ చేస్తే ఆ పూట కాగితాలతోనే గడుస్తుంది, పైగా ఇలాంటి జంతువును పట్టడం నేరం, ఎఫెక్ట్స్ అన్న జైలుకు వెళ్తాడు, రాసిన నేనూ వెళ్లాలి. ఈ పత్రిక చదివే పిల్లలకు నిజం చెప్పాలి: మేం ముగ్గురం ఆరోజు చట్టాన్ని తప్పించుకునే తిరిగాం. మీరైతే ముందు ఫారెస్టు ఆఫీసుకే ఫోన్ చేయండి. మాకున్నది ఒక మధ్యాహ్నం, ఒక కొమ్మ.

ఇంజనీరుకు అడ్డమొచ్చింది టేపు. ఎల్లుండికి అది వెళ్లిపోవాలి, ఆ నాలుగు నోళ్లూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి. వాటికి శబ్దం వద్దు, ఆ చోట చెప్పడానికి నేనొక వాక్యం రాస్తాను, చూసేవాడు మైకు పోయిందనుకోడు అన్నాను. ఏం వాక్యం అన్నాడు. ఇంకా తెలియదన్నాను. ఆయన నా వైపు చూసి, చొక్కా జేబులోంచి కారు తాళం తీశాడు. "రాకపోతే మీ గొంతుతోనే అరిపిస్తానండీ, ముందే చెబుతున్నా" అన్నాడు.

ఇంటామెకు ఫోన్ చేశాను. రాత్రికి ఆలస్యమవుతుందని అన్నాను. మావారు రాజమండ్రిలో ఉన్నారు, బాబుకు ముందురోజు జలుబు, మందు సీసా ఎక్కడుందో చెప్పాను, రెండోసారి చెప్పాను. మూడోసారి చెప్పబోతే ఆమె ఆపింది. "నీ పిల్లలు నాతాన ఉన్నరు గదా బిడ్డా. పండవెడ్త. ఫికర్ చెయ్యకు, పోయి రా." ఎందుకెళ్తున్నానో ఆమెకు చెప్పాను. వెనకనుంచి పాప ఏదో అడగడం వినిపించింది. ఆమె చెప్పేసి ఉంటుంది.

ఇంజనీరు ఫియట్ కారు. నేను వెనక సీట్లో, ఒళ్లో బుట్ట, దాని మీద నా నూలు చున్నీ. ముందు సీట్లో ఎఫెక్ట్స్ అన్న. ఆయన కాళ్ల దగ్గర రికార్డర్ పెట్టె ఉంది. ఎటూ వెళ్తున్నాం కదా అని ఇంజనీరు తెచ్చాడు. అద్దంలో నా చూపు తగలగానే కళ్లు తిప్పుకున్నాడు.

శ్రీశైలం రోడ్డు ఎక్కాక నేనొకటి గమనించాను. ఆయన హారన్ కొట్టడం లేదు. ఎడ్లబండి వెనక ఎడ్లబండిలా వెళ్తున్నాం. ఆమనగల్లు దగ్గర వెనకనుంచి వచ్చిన బస్సు డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, కారుకు హారన్ లేదా, కట్నంలో ఇవ్వలేదా అని అరిచిపోయాడు. ఇంజనీరు చిరునవ్వు నవ్వాడు. ఎఫెక్ట్స్ అన్న నవ్వలేదు. "ఇరవై ఏండ్లసంది అన్నిటికి సప్పుడు పెట్టిన" అన్నాడు చాలాసేపటికి. "పాముకు పెట్టిన. మంచు వడుతుంటె దానికి పెట్టిన. ఒక్క దీనికి పెట్టవోయి గిట్లయింది."

తప్పు సగం నాదన్నాను. సగం కాదమ్మా, నీది పెన్సిలుతోని రాసింది, నాది బుట్టల పెట్టింది అన్నాడు. ఆయన లెక్క నాకు ఇప్పటికీ న్యాయంగానే తోస్తుంది.

దారిలో రెండుసార్లు చున్నీ ఎత్తి చూశాను. వణుకు తగ్గింది. రెండోసారి చూసినప్పుడు అది నా వేలు పట్టుకుంది. ప్రేమతో కాదు, కొమ్మ అనుకుని. ఆ పట్టు ఎంత గట్టిదో చెప్పలేను. అంత చిన్న చేతికి అంత పట్టు ఎందుకో అప్పుడు అర్థమైంది. వదలకూడదని.

పొద్దు వాలుతుండగా ఊరు చేరాం. బామ్మర్ది పాతికేళ్లవాడు, మంచి హుషారు. పిల్లిని వదలడానికి పట్నం నుంచి కారు వేసుకుని వచ్చారా, ఇక దీనికి కట్నకానుకలు కూడా తెచ్చారా అని పడిపడి నవ్వాడు. పిల్ల సంగతి అడిగితే తను చూడలేదన్నాడు. దీని కళ్లు మందుకు పనికొస్తాయని కొనడానికి తిరిగేవాళ్లున్నారట, బావ అడిగాడు కాబట్టి ఊరికే పంపాడట. "నీకేం తెల్వదు, నడువు" అని ఎఫెక్ట్స్ అన్న అతన్ని ముందుకు తోశాడు.

చేను గట్టున జెముడు కంచె, కంచెకు అటొక కానుగ, ఇటొక తుమ్మ. పట్టుకున్నది మధ్యలో, కంచె మీద పాకుతుండగా. ఏ చెట్టు మీంచి దిగిందో అతనికి తెలియదు. ఒకసారి కానుగ అన్నాడు, ఒకసారి తుమ్మ అన్నాడు. ఇంత దూరం వచ్చి తప్పు చెట్టు మీద పెడితే? పెట్టాక అది బెదిరి అటే వెళ్లిపోతే?

"మనమెందుకు పెట్టడమండీ, దానికే తెలుసుగా" అన్నాడు ఇంజనీరు. నాలుగేళ్లలో ఆయన జువాలజీలో చెప్పిన మంచిమాట అదొక్కటే.

బుట్టను కంచె మధ్యలో పెట్టి, మూత తీసి, ఇరవై అడుగులు వెనక్కి వచ్చి కూర్చున్నాం. ఎర్రటి వెలుగు మెల్లగా బూడిదరంగైంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత బుట్ట అంచు మీద ఒక చెయ్యి. టార్సియర్‌లా ఇది దూకదు. ఒక చెయ్యి, ఒక కాలు, మళ్లీ ఆలోచన, మళ్లీ ఒక చెయ్యి. కంచెమీద ఆగి ముక్కు ఆనించి వాసన చూసింది. తుమ్మ వైపు రెండడుగులు వేసింది. ఆగింది. ఆ ఆగడం ఎంతసేపో నాకు తెలియదు. తిరిగి కానుగ వైపు నడిచింది.

కానుగ మొదటి కొమ్మ మీదికి చేరాక తల పైకెత్తి ఆకుల్లోకి చూసింది. నోరు తెరిచింది.

నాకేమీ వినిపించలేదు. పక్కకు చూశాను. ఇంజనీరు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు, రికార్డర్ చక్రాలు తిరుగుతున్నాయి. ఆయన కళ్లు మూసుకుని, తల అడ్డంగా ఆడించాడు. ఏమీ లేదు. ఆ టేపు తర్వాత నేనూ విన్నాను. కీచురాళ్లు, దూరాన ఒక కుక్క, ఎఫెక్ట్స్ అన్న ఊపిరి. అంతే. అది ఆవులింత కూడా అయి ఉండవచ్చు. గబ్బిలాల్లాగా మన చెవికి అందని మాట కూడా అయి ఉండవచ్చు. తెలియని చోట పెన్సిలు పెట్టకూడదని ఈ ఉద్యోగం నాకు నేర్పింది.

అది ఆకుల్లోకి వెళ్లిపోయింది. చీకటి పడింది. టార్చి నా చేతిలోనే ఉంది. ఒక్కసారి వేయమ్మా అన్నాడు ఎఫెక్ట్స్ అన్న, బతిమాలుతున్నట్టు. వేస్తే తెలిసిపోతుంది, రెండు నిప్పుకణికలా, నాలుగా. ఏదైనా ఉన్నదా లేదా అని రెండుసార్లు చూసుకోకుండా నిద్రపోలేని మనిషిని నేను. బొటనవేలు బటన్ మీదే ఉంది. కానీ వెలుగు పడితే తల్లి ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది, లేదా అటు తిరిగి వెళ్లిపోతుంది. నిన్నటి నుంచి అది చూసింది మనుషులనే.

వేయలేదు. టార్చి తీసి ఎఫెక్ట్స్ అన్న చేతిలో పెట్టాను, నా దగ్గర ఉంటే వేస్తానని. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని కారుదాకా నడిచాడు.

రెండు వారాల తర్వాత బామ్మర్ది కబురు పంపాడు, కానుగ మీద నాలుగు కళ్లు కనిపించాయని. అది నిజమో, బావ పోరు పడలేక అన్నమాటో నేను తరచి అడగలేదు. ఎఫెక్ట్స్ అన్న మాత్రం ఆ తర్వాత బల్ల కింద ప్రాణమున్నదేదీ పెట్టలేదు.

అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాను. ఇద్దరూ ఇంటామె మంచం మీద, ఆమె కొంగు ఒకరొక వైపు పట్టుకుని నిద్రపోతున్నారు. వేళ్లు విడదీయలేక నేనూ అక్కడే నేలమీద పడుకున్నాను.

దారంతా వెతికినా ఇంజనీరుకు మాటిచ్చిన వాక్యం దొరకలేదు. మర్నాడు పొద్దున పిల్లలకు చెప్పిన మాటల్లోంచే దొరికింది. ఆ చిత్రంలో తల్లి నోరు తెరిచిన చోట ఇప్పుడు ఆ వాక్యమే ఉంది, ఆ తర్వాత కీచురాళ్లు తప్ప ఏమీ లేవు. ఆ థియేటర్‌లో నోరు తెరిచినా మాట పడనిది అదొక్కటే.

ఆ పొద్దున పాప పళ్లు తోముకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. బాబు దాని వెనక. పిల్ల కొమ్మ మీదే ఉందా అని అడిగింది. చూడలేదని చెప్పాను. టార్చి లేదా అంది. ఉంది, వేయలేదన్నాను. ఎందుకో చెప్పాను. పాప నమ్మలేనట్టు నా మొహంలో వెతికింది. పడుకో అని తప్పించుకోవడానికి అది రాత్రి కాదు.

"వాళ్లమ్మ పిలిచిందా మరి?"

"నోరు తెరిచింది."

"ఏమని పిలిచింది?"

"నాకు వినిపించలేదమ్మా" అన్నాను. "పిలిచింది నన్ను కాదు కదా."